‘పిక్ అప్’ మీద తరచుగా అడిగే ప్రశ్నలు: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ల కోసం

స్పోకెన్ ఇంగ్లీష్ మొదలుపెట్టిన మనవైపు వాళ్లకి ఈ ఒక్క మాట దగ్గర అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. తమాషా ఏందంటే ‘పికప్’ మనకి కొత్త కాదు. బండికి పికప్, స్కూలు ఆటోకి పికప్, ట్రావెల్స్ బస్సుకి పికప్ పాయింట్, చదువులో పికప్ అయిన పిల్లోడు, ఇవన్నీ తెలుగులో కలిపేసుకుని రోజూ వాడుతున్నాం. అలా కలిసిపోబట్టే ఇంగ్లీషు వాక్యంలో పెట్టేసరికి అడ్డం తిరుగుతోంది. ఇంగ్లీషు వాక్యాలు కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను, పైకి చదివితే నోటికి అలవాటవుతాయి. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి పోండి.

## మొదట్లో: అసలు అర్థం ఏంది

‘పిక్’ అన్నా ‘పిక్ అప్’ అన్నా తీసుకోవడమేగా, తేడా ఏముంది?

చాలా ఉంది. పొదలకూరు వైపు నిమ్మతోటలో నిలబడి చూస్తే తెలిసిపోతుంది. చెట్టు మీది కాయ కోస్తే ‘పిక్’, కింద రాలిన కాయ ఏరితే ‘పిక్ అప్’. ‘దే ఆర్ పికింగ్ లెమన్స్’ అంటే కోత నడుస్తోందని, ‘దే ఆర్ పికింగ్ అప్ లెమన్స్’ అంటే రాలినవి ఏరుతున్నారని. అట్నే మల్లెపూలు కోస్తే పిక్, తెల్లారేసరికి చెట్టు కింద పరుచుకున్న పారిజాతాలు ఏరుకుంటే పిక్ అప్. వట్టి ‘పిక్’కి ఎంచుకోవడం అనే అర్థం కూడా ఉంది. చీరల షాపులో ‘పిక్ వన్’ అంటే ఒకటి సెలెక్ట్ చేసుకోమని. అక్కడ ‘పిక్ వన్ అప్’ అన్నారంటే చెయ్యి పెట్టి ఒకటి పైకి తియ్యమన్నట్టు అవుతుంది, బేరం వేరే దారి పడుతుంది.

దీనికి ఇరవై అర్థాలు ఉన్నాయంటున్నారు, అన్నీ బట్టీ పట్టాలా?

వద్దు. ఆ లిస్టులు చూస్తేనే టెన్షన్. రెండు మూలాలు పట్టుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది. ఒకటి, ఎక్కడో ఉన్నదాన్ని మన దగ్గరికి తెచ్చుకోవడం: కిందపడ్డ పెన్ను, కొరియర్ ఆఫీసులో పార్సిల్, స్టేషన్‌లో దిగిన మనిషి, వింటూ వింటూ వచ్చేసిన భాష, పెళ్లికి పోయి అంటించుకొచ్చిన జలుబు, అన్నీ ఇందులోకే వస్తాయి. రెండోది, పడి ఉన్నదో మెల్లగా ఉన్నదో పైకి లేవడం: వ్యాపారం, గాలి, స్పీడు. కొత్త వాక్యం వినపడితే ఈ రెంటిలో ఏదని అడుగుకోండి. ఈ రెంటికీ దొరకనివి కొన్ని ఉన్నాయి గానీ అవి వాడుకలో తగులుతూ ఉంటే వాటంతట అవే వస్తాయి.

రొట్టెల పండగలో రొట్టె పట్టుకున్నాను అని చెప్పాలంటే ‘ఐ పిక్డ్ అప్ ఎ రోటీ’ అనొచ్చా?

అనకూడదు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఏం జరుగుతుందో తెలుసుగా: ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, విదేశీ రొట్టె అంటూ, కోరిక తీరినవాళ్లు చేతికి ఇస్తే మనం పట్టుకుంటాం. చేతిలోంచి చేతికి వచ్చినదానికి పిక్ అప్ కుదరదు, అది ‘టేక్’ కిందికి వస్తుంది. ‘ఐ టుక్ ఎ రోటీ ఫ్రమ్ హర్’ అంటే సరిపోతుంది. పిక్ అప్ అంటే ఎక్కడో ఉన్న దాన్ని మనం వంగో, వెళ్లో తీసుకోవడం. అందుకని ‘ఐ పిక్డ్ అప్ ఎ రోటీ’ అంటే వినేవాడికి నేల మీదది తీశారనో, దారిలో హోటల్లో పార్సిల్ కట్టించారనో అనిపిస్తుంది.

## వాక్యం కట్టేటప్పుడు

‘పిక్ అప్ మీ’ తప్పంటున్నారు, అందరం అట్నే అంటున్నాం కదా?

అంటున్నాం, అర్థమూ అవుతుంది, అయినా తప్పే. ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి. మీ, హిమ్, హర్, ఇట్, అస్, దెమ్ లాంటి పొట్టి మాటలు ‘పిక్’కీ ‘అప్’కీ మధ్యలోనే కూర్చోవాలి. ‘పిక్ మీ అప్’, ‘పిక్ హర్ అప్’, ‘పిక్ ఇట్ అప్’. చివర పెడితే కుదరదు, దీనికి మినహాయింపు వెతుక్కోకండి.

పేరున్న వస్తువో మనిషో అయితే రెండు చోట్లా చెల్లుతుంది: ‘పిక్ అప్ ది బ్యాగ్’, ‘పిక్ ది బ్యాగ్ అప్’. అదే వస్తువు గురించి చెప్పేది పొడుగైతే మాత్రం చివర్లో పెట్టడమే మేలు. ‘ప్లీజ్ పిక్ అప్ ది టూ మ్యాంగో బాక్సెస్ మై అంకుల్ సెంట్ ఫ్రమ్ ఉదయగిరి’ అంటే సాఫీగా పోతుంది. ఈ పొడుగంతా మధ్యలో దూర్చి చివర ‘అప్’ అన్నారనుకోండి, వినేవాడు ఆ అప్ వచ్చేలోపల వాక్యం మొదలు మర్చిపోతాడు.

మనకి ఎందుకు తప్పుతుందంటే, తెలుగులో ‘నన్ను పికప్ చేసుకో’ అన్నప్పుడు పికప్ ఒకే ముద్ద, విడదీయడానికి ఏమీ లేదు. ఆ ముద్దని అట్నే ఎత్తి ఇంగ్లీషులో పెట్టి దానికి ‘మీ’ తగిలిస్తున్నాం. అది రెండు మాటలని, మధ్యలో జాగా ఉందని గుర్తుంటే చాలు.

‘నేను వాడిని పికప్ చేశాను’ అనడానికి ‘ఐ పికప్డ్ హిమ్’ కరెక్టేనా?

కాదు. జరిగిపోయిన కాలం గుర్తు ‘పిక్’కి తగలాలి: ‘ఐ పిక్డ్ హిమ్ అప్’. ‘అప్’ ఎప్పటికీ మారదు. పిక్స్ అప్, పిక్డ్ అప్, పికింగ్ అప్, మారేదంతా ముందు మాటే. ‘పికప్పింగ్’ అని కూడా వినపడుతుంటుంది, దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

‘డూ పికప్’ అని మెసేజ్ పెట్టొచ్చా?

మన ‘పికప్ చెయ్యి’ని మాటకి మాట దించితే వచ్చేది అదే. డ్రైవర్‌కి అర్థమవుతుంది, ఇంగ్లీషు మాత్రం కాదు. ‘చెయ్యి’కి సమానంగా ‘డూ’ వెతకొద్దు, ‘పిక్’లోనే చెయ్యడం ఉంది. ‘ప్లీజ్ పిక్ దెమ్ అప్ ఎట్ ఫోర్’ అని పెట్టండి.

‘ఎట్ ది స్టేషన్’ అనాలా, ‘ఫ్రమ్ ది స్టేషన్’ అనాలా?

రెండూ సరే. ‘టు ది స్టేషన్’ మాత్రం కాదు, అది అక్కడికి తీసుకుపోయేటప్పుడు. దింపడానికి ‘డ్రాప్’ ఉంది: ‘డ్రాప్ మీ ఎట్ ది స్టేషన్’.

ఎలా పలకాలి? మా పిల్లోడు ‘పిక్’ అని ఆగి ‘అప్’ అంటాడు.

ఆగక్కర్లేదు. ‘పిక్’ చివరి క్ తర్వాతి అచ్చుతో కలిసిపోయి ‘పికప్’ అనే వస్తుంది, మనం తెలుగులో అనేదానికి దగ్గరే. ‘పిక్డ్’ దగ్గరే చిక్కు: రాసేది డీ అయినా నోట పలికేది ట్. ‘పిక్ట్’, దానికి అప్ కలిపితే ‘పిక్టప్’. ‘పిక్కెడ్ అప్’ అని సాగదీస్తే చదువుకుని మాట్లాడుతున్నట్టు తెలిసిపోతుంది. ఇంకొకటి, పనిగా వాడినప్పుడు నొక్కు ‘అప్’ మీదికి పోతుంది, పేరుగా వాడినప్పుడు (పికప్ పాయింట్, పికప్ వ్యాన్) నొక్కు ‘పిక్’ మీద పడుతుంది.

## ఫోను, స్టేషను, బస్టాండు

‘ఫోన్ లిఫ్ట్ చెయ్యి’ అంటాం కదా, ఇంగ్లీషులోనూ లిఫ్ట్ అంటే సరిపోదా?

సరిపోదు. ‘హి ఈజ్ నాట్ లిఫ్టింగ్ మై ఫోన్’ అంటే మనవాళ్లకి అర్థమవుతుంది గానీ, బయటి దేశం వాడు ఫోను బరువెక్కువేమో అనుకుంటాడు. ‘హి ఈజ్ నాట్ పికింగ్ అప్’ అనండి. గమనించారా, ఇక్కడ ఫోన్ అనే మాటే లేదు, అక్కర్లేదు కూడా. రింగవుతుంటే విసుక్కుంటూ ‘పిక్ అప్, పిక్ అప్’ అనుకుంటారే, అంతే. ‘ఆన్సర్ ది ఫోన్’ కూడా బాగుంటుంది. మన ‘కాల్ అటెండ్ చేశాను’ని మాత్రం ఇక్కడి ఆఫీసులు దాటించకపోవడం మంచిది, అటెండ్ అనేది మీటింగుకీ పెళ్లికీ.

టేబుల్ మీది ల్యాండ్‌లైన్ రిసీవర్ ఎత్తి మాట్లాడేవాళ్లు కాబట్టి పిక్ అప్, అంతకుముందు గోడ ఫోన్లకి రిసీవర్‌ని కొక్కేనికి తగిలించేవాళ్లు కాబట్టి పెట్టేయడానికి ‘హ్యాంగ్ అప్’. కొక్కెం పోయింది, రిసీవర్ పోయింది, మాటలు ఉండిపోయాయి. అందుకే ‘హి కట్ ది ఫోన్’ బదులు ‘హి హంగ్ అప్’.

ఊరి నుంచి వచ్చేవాళ్లని ‘రిసీవ్’ చేసుకుంటాం అంటే తప్పా?

తప్పనలేం గానీ ‘రిసీవ్’ అంటే కాస్త పెద్దరికం, పూలదండ వాసన. మంత్రిగారు వస్తే రిసీవ్ చేసుకుంటారు. తమ్ముడు బ్యాగు తగిలించుకుని వస్తే పిక్ అప్. ఇలా ఊహించుకోండి, తమ్ముడు రైల్లోంచి మెసేజ్ పెట్టాడు: ‘అన్నా, పినాకిని ఇప్పుడే ఒంగోలు దాటింది, నెల్లూరులో పికప్ చేసుకుంటావా, రెండు బస్తాలున్నాయి.’ అదే ఇంగ్లీషులో: ‘వి హావ్ జస్ట్ క్రాస్డ్ ఒంగోల్. కెన్ యు పిక్ మీ అప్ ఎట్ నెల్లూర్? ఐ హావ్ టూ బ్యాగ్స్ ఆఫ్ రైస్.’ అన్న జవాబు: ‘ఐ కాంట్, బట్ మామయ్య విల్ పిక్ యు అప్.’ రెండుసార్లూ మనిషి మధ్యలోనే ఉన్నాడు చూడండి.

బండేసుకుని వెళ్లి ఎక్కించుకుంటేనే పిక్ అప్. ఊరికే ప్లాట్‌ఫాం మీద నిలబడి ఎదురెళితే ‘మీట్’ అనండి.

‘ఐ పిక్డ్ అప్ ఎ గర్ల్ ఎట్ ది బస్టాండ్’ అంటే అందరూ నవ్వారు, ఎందుకు?

ఎందుకంటే ముక్కూమొహం తెలియని అమ్మాయినో అబ్బాయినో మాటల్లో పెట్టి ఏదో వ్యవహారం నడపడానికి వెంటబెట్టుకుపోయాడు అనే అర్థం కూడా దీనికి ఉంది. ‘ఎ గర్ల్’ అని అనామకంగా అనేసరికి ఆ అర్థమే ముందుకొస్తుంది. ఆ అమ్మాయి ఎవరో చెప్పేస్తే గొడవే లేదు: ‘ఐ పిక్డ్ అప్ మై సిస్టర్ ఫ్రమ్ ది బస్టాండ్.’ ఇట్లాంటి ఇంకో అర్థం పోలీసులది. ‘ది పోలీస్ పిక్డ్ హిమ్ అప్’ అంటే మనం ‘పోలీసులు ఎత్తుకెళ్లారు’ అంటామే, అదే. స్టేషన్ అంటే ఏ స్టేషనో సందర్భం చెప్పాలి మరి.

పికప్ పాయింట్, బోర్డింగ్ పాయింట్ ఒకటేనా?

ట్రావెల్స్ బస్సుల వరకు ఒకటే. బస్సు వైపు నుంచి చూస్తే ఎక్కించుకునే చోటు, మన వైపు నుంచి ఎక్కే చోటు. ‘ది బస్ పిక్స్ అప్ ప్యాసింజర్స్ ఎట్ మినీ బైపాస్’ అంటే కరెక్టు. మనం మాత్రం ‘ఐ పిక్డ్ అప్ ది బస్’ అనకూడదు, బస్సు మనల్ని పిక్ అప్ చేసుకుంటుంది గానీ మనం దాన్ని కాదు. మనకి ‘కాట్ ది బస్’ ఉంది.

## రేట్లు, గాలి, చదువు, భాష

రొయ్యల రేటు పెరిగింది అనడానికి ‘పిక్డ్ అప్’ వాడొచ్చా?

వాడొచ్చు, కానీ ఎప్పుడో చూసుకోవాలి. పడిపోయి ఉన్నదో, నీరసంగా నడుస్తున్నదో లేస్తేనే పిక్ అప్. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు మనవైపు గుంటల మీద ఏం జరిగిందో రైతులెవర్నడిగినా చెప్తారు, 100 కౌంట్ (కేజీకి 100 తూగేవి) అమ్ముకోవడానికే దిక్కులు చూశారు. అట్లా దిగిన రేటు మళ్లీ కదిలితే ‘ప్రైసెస్ ఆర్ పికింగ్ అప్’. అసలు పడనే లేదు, ఉన్న మంచి రేటు మీదే ఇంకో ఇరవై పెరిగిందనుకోండి, దానికి ‘ప్రైసెస్ వెంట్ అప్’ చాలు. పొగాకు వేలమూ ఇంతే. టంగుటూరులోనో పొదిలిలోనో మొదట్లో కొనేవాళ్లు బేళ్ల వైపు చూసీ చూడనట్టు పోయి, తర్వాత పోటీ పడితే ‘ది ఆక్షన్ స్టార్టెడ్ స్లోలీ, బట్ ఇట్ హాజ్ పిక్డ్ అప్ నౌ’. ఈ అర్థంలో వాడినప్పుడు తర్వాత ఏ వస్తువూ రాదు. ‘పిక్డ్ అప్ ది ప్రైస్’ అంటే రేటుని ఎవరో భుజానేసుకుపోయినట్టు ఉంటుంది.

తుఫాను వచ్చే ముందు గాలి గురించి కూడా ఇదే అంటారా?

అంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే మనకి అసలు వానలు పడే ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, కొత్తపట్నం, మైపాడు తీరాన ఇది బాగా పనికొచ్చే వాక్యం: ‘ది విండ్ హాజ్ పిక్డ్ అప్.’ గాలి లేచింది అని. వానకి మాత్రం ఇది అంత నప్పదు, ‘ది రెయిన్ గాట్ హెవియర్’ అనండి.

మావాడు చదువులో పికప్ అయ్యాడు. ‘హి పిక్డ్ అప్ ఇన్ స్టడీస్’?

మనదేశంలో టీచర్లు రాస్తారు, చెల్లిపోతుంది. బయటివాళ్లకి అది సగం వాక్యంలా ఉంటుంది. మార్కుల్ని ముందు పెట్టండి: ‘హిజ్ మార్క్స్ హావ్ పిక్డ్ అప్.’ లేదంటే ‘హి హాజ్ ఇంప్రూవ్డ్.’ మనిషిని పెట్టి ‘షి హాజ్ పిక్డ్ అప్ ఎ లాట్’ అంటే, ముఖ్యంగా బ్రిటిష్ వాడుకలో, జబ్బుపడి కోలుకుంటోందని.

బండికి పికప్ లేదు అంటే?

‘అక్సెలరేషన్’ అనండి. పికప్‌కి ఆ అర్థం డిక్షనరీలో ఉంది గానీ ఇప్పుడు బయట ఎక్కువ వినపడదు. పికప్ అంటే వాళ్లకి ముందు గుర్తొచ్చేది వెనక ట్రాలీ ఉండే బండి, మన బొలెరో పికప్ లాంటిది. ‘ది బైక్ పిక్స్ అప్ స్పీడ్ స్లోలీ’ అయితే ఎవరికైనా అర్థమవుతుంది.

భాష నేర్చుకోవడానికి ‘లెర్న్’ ఉండగా ‘పిక్ అప్’ ఎందుకు?

కూర్చుని నేర్చుకుంటే లెర్న్, తిరిగి తిరిగి పట్టేస్తే పిక్ అప్. చెన్నైలో పనికి పోయినవాడు క్లాసుకి పోడు, పుస్తకం కొనడు, కొట్లో బేరమాడుతూ, బస్సులో తిట్లు తింటూ ఏడాది తిరిగేసరికి తమిళం మాట్లాడేస్తుంటాడు. ‘హి పిక్డ్ అప్ తమిళ్ ఇన్ చెన్నై’ అంటే ఆ కథంతా అందులో ఉంది. అందుకే ‘ఐ పిక్డ్ అప్ ఇంగ్లీష్ ఎట్ ఎ కోచింగ్ సెంటర్’ కాస్త ఎబ్బెట్టు, ఫీజు కట్టి నేర్చుకున్నారు కాబట్టి అది లెర్న్. అలవాట్లు, యాస, చిన్న చిన్న కిటుకులు, ఇవీ పిక్ అప్ కిందికే. హైదరాబాదు హాస్టల్లో ఆర్నెల్లున్న పిల్లోడు ‘ఏందబ్బా’ మానేసి ‘ఏంది రా బై’ అంటుంటే వాళ్లమ్మ మొహం చూడాలి. వాడు పిక్ అప్ చేసింది అదే.

జ్వరం వచ్చింది, ‘ఐ పిక్డ్ అప్ ఎ ఫీవర్’?

జలుబుకి, ఇన్ఫెక్షన్‌కి బాగుంటుంది, ఎక్కడో అంటుకొచ్చిందని: ‘ఐ పిక్డ్ అప్ ఎ కోల్డ్ ఆన్ ది ట్రెయిన్.’ జ్వరానికి ‘ఐ హావ్ ఎ ఫీవర్’ చాలు.

## కాస్త ముదిరాక

‘పిక్ అప్ ఆన్’ అని ఒకటుంది, అదేంది?

పసిగట్టడం. పెళ్లిచూపుల్లో అబ్బాయికి ఇష్టం లేదని నోరు తెరిచి ఎవరూ చెప్పలేదు, అయినా అమ్మాయి మేనత్త కనిపెట్టేసింది: ‘షి పిక్డ్ అప్ ఆన్ ఇట్.’ ఇక్కడ ‘ఇట్’ చివర వచ్చింది, మధ్యలో కాదు. ‘ఆన్’ ఉంది కాబట్టి అది దాని వెనకాల నిలబడుతుంది.

‘ఐ విల్ పిక్ అప్ ది బిల్’ అంటే బిల్లు కాగితం తీస్తాననా?

బిల్లు నేను కడతానని. హోటల్లో ఎవరైనా ఈ మాట అంటే కాగితం కోసం చూడకుండా థాంక్స్ చెప్పండి.

‘పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్’?

ఆపిన చోట నుంచి ఎత్తుకోవడం. మనమూ పాట ఎత్తుకున్నాడు, కథ మళ్లీ ఎత్తుకున్నాడు అంటాం కాబట్టి ఇది సులభంగా వంటబడుతుంది. కరెంటు పోయి క్లాసు ఆగిపోతే, మర్నాడు ‘లెట్స్ పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్’.

పిక్ ఆన్, పిక్ అవుట్, పిక్ ఎట్ కూడా ఇవే అర్థాలా?

ఇంటిపేరొక్కటే, మనుషులు వేరు. ‘పిక్ ఆన్’ అంటే ఒకడినే పట్టుకుని వేధించడం. ‘పిక్ అవుట్’ అంటే కలిసి ఉన్నవాటిలోంచి ఏరి బయటికి తీయడం. చేపల పులుసు ముక్కలో ముళ్లు ఏరి పిల్లలకి పెడతామే, అది ‘పికింగ్ అవుట్ ది బోన్స్’. ‘పిక్ ఎట్’ ఆ పక్క కంచంలో ఉంటుంది, తినకుండా అన్నం కెలుకుతూ కూర్చున్నవాడి దగ్గర: ‘హి ఈజ్ జస్ట్ పికింగ్ ఎట్ హిజ్ ఫుడ్.’

‘పిక్ అప్ ఆఫ్టర్’?

ఒకరు పారేసినవి వాళ్ల వెనకాల సర్దుకుంటూ తిరగడం. ‘ఐ యామ్ టైర్డ్ ఆఫ్ పికింగ్ అప్ ఆఫ్టర్ యు’, ప్రతి ఇంట్లోనూ అమ్మ రోజూ తెలుగులో అనేదే.

## పరీక్షలు, ఆఫీసు

ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకి పోయేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) స్పీకింగ్‌లో ఇట్లాంటివి ఎక్కువ వాడితే బ్యాండ్ (స్కోరు) పెరుగుతుందా?

ఎక్కువ వాడితే కాదు, సందర్భానికి తగ్గట్టు వాడితే. ఆ ఇంటర్వ్యూ 11 నుంచి 14 నిమిషాలు నడుస్తుంది, చూసేవి నాలుగు: ధారాళంగా, పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. పదసంపదలో ఇలాంటి జాతీయాలకి లెక్క ఉంది, నిజమే. కానీ ‘పిక్ అప్ మీ’ అన్నారంటే అక్కడ వచ్చేది వ్యాకరణంలో పోతుంది. నన్నడిగితే పార్ట్ 2లో మీ ఊరి గురించో, నేర్చుకున్న పని గురించో మాట్లాడేటప్పుడు ‘ఐ పిక్డ్ ఇట్ అప్ ఫ్రమ్ మై గ్రాండ్‌మదర్’ లాంటిది ఒక్కటి సహజంగా పడితే చాలు. వరసగా నాలుగు గుప్పిస్తే బట్టీ అని ఎదుటివాళ్లకి తెలిసిపోతుంది.

బ్యాంకు పరీక్షల్లో ‘ది ఎకానమీ ఈజ్ లైక్లీ టు పిక్ అప్’ అని వస్తే?

పుంజుకుంటుంది. ఆప్షన్లలో ‘ఇంప్రూవ్’ ఉంటే అదే. ‘కలెక్ట్’, ‘లిఫ్ట్’ అని ఊరించే ఆప్షన్లు పెడతారు, వాక్యంలో ‘పిక్ అప్’ తర్వాత ఏదైనా వస్తువుందా అని చూడండి. లేకపోతే అవి కుదరవు.

ఆఫీసు లెటర్లో పిక్ అప్ రాయొచ్చా?

తోటివాళ్లకి రాసే మెయిల్‌లో హాయిగా రాయొచ్చు. పైవాళ్లకి, సర్కారు ఆఫీసుకి రాసే దరఖాస్తులో ‘కలెక్ట్’ పెట్టండి: ‘ఐ విల్ కలెక్ట్ ది సర్టిఫికెట్ ఆన్ మండే.’

కలిపి రాయాలా, విడిగా రాయాలా?

పనిగా వాడితే విడిగా రెండు మాటలు. పేరుగా వాడితే కలిపి, లేదా మధ్యలో చిన్న గీత పెట్టి.